భూమధ్యరేఖ పక్కనే ఎడారి, ఆ పైన మంచు, ఆ వెనక అమెజాన్: పెరూ ఎందుకలా ఉంటుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పెరూ భూమధ్యరేఖను ఆనుకునే ఉంది కదా, అలాంటప్పుడు మన కోస్తాలాగా ఉక్కపోత, దండిగా వానలు ఉండాలి. కానీ ఫొటోల్లో చూస్తే రాజధాని లిమా చుట్టూ బోడి ఇసుక కొండలు, జనం ఒంటి మీద స్వెట్టర్లు. అదే దేశంలో మంచు పర్వతాలున్నాయి, అమెజాన్ అడవీ ఉంది. ఇదంతా ఒక్క చోట ఎలా కుదిరింది? వెళ్తే ఏ నెలలో వెళ్లాలి, ఏ జంతువులు కనబడతాయి?

గనుల సర్వే పని మీద ఆ దేశంలో ఎడారి నుంచి అడవి దాకా చాలా ఏళ్లు తిరిగినవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. పెరూ విషయంలో ముందు అక్షాంశాన్ని పక్కన పెట్టేయండి. అక్కడ ఏ ఊరి వాతావరణం తెలియాలన్నా అడగాల్సినవి రెండే: ఆ ఊరు ఎంత ఎత్తులో ఉంది, ఆండీస్ పర్వతాలకి ఏ పక్కన ఉంది. మూడోది కూడా ఉంది గానీ అది కొన్నేళ్లకోసారే అవసరపడుతుంది: ఈ ఏడాది సముద్రం ఎంత వేడిగా ఉంది.

దేశం వైశాల్యం 12,85,216 చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా అందులో నాలుగో వంతుకి రావు. జనాభా మాత్రం దాదాపు 3.4 కోట్లు, అంటే ఒక్క తెలంగాణకి కాస్త అటూ ఇటూ. స్కూలు పుస్తకాల్లో పెరూని మూడు ముక్కలుగా చెబుతారు: పసిఫిక్ ఒడ్డున సన్నటి ఎడారి పట్టీ, మధ్యలో ఆండీస్, తూర్పున అడవి. దేశంలో అరవై శాతం ఆ అడవే. జనంలో సగానికి పైగా ఉండేది మాత్రం ఎడారిలో. అసలు తమాషా ఇక్కడే ఉంది. పసిఫిక్ వైపుకి దక్కే నీళ్లు దేశ జలవనరుల్లో సుమారు రెండు శాతమే.

పెరూ భూగోళ శాస్త్రవేత్త హావియెర్ పుల్గార్ విడాల్‌కి ఈ మూడు ముక్కల లెక్క నచ్చలేదు. రైతులు తమ పొలాలకి ఎప్పటినుంచో వాడుతున్న పేర్లు తీసుకుని, ఎత్తును బట్టి దేశాన్ని ఎనిమిది మండలాలుగా విడగొట్టాడు. సముద్రం నుంచి 500 మీటర్ల దాకా ‘చాలా’ (అదే దాని పేరు), 2,300 దాకా యుంగా, 3,500 దాకా కెచువా, 4,000 దాకా సుని, 4,800 దాకా పూనా, ఆపైన మంచు ఉండే హాంకా. కొండ దిగి అడవి వైపు వెళ్తే రుపా రుపా, ఒమాగ్వా. నాకు ఈ పద్ధతే ఇష్టం. ఎందుకంటే ఊరి ఎత్తు చెబితే అక్కడ ఏ పంట పండుతుందో, ఏ జంతువు మేస్తుందో అక్కడి రైతు మారు ఆలోచించకుండా చెప్పేస్తాడు. కెచువాలో మొక్కజొన్న, సునిలో బంగాళాదుంప, పూనాలో ఇక పంట దాదాపు లేదు, గడ్డీ, అల్పాకాలనే ఉన్ని జంతువులూ.

ఇప్పుడు లిమా సంగతి. లిమా 12 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది, చెన్నై 13 డిగ్రీల ఉత్తరాన ఉంది. లెక్క ప్రకారం రెండు ఊళ్లూ ఒకేలా ఉండాలి. కానీ లిమాలో సముద్రం ఒడ్డున ఏడాది మొత్తం కలిపి పడే వాన 15 మిల్లీమీటర్లకు మించదు. హైదరాబాద్‌లో జూలైలో ఒక్క సాయంత్రం కురిసేది అంతకంటే ఎక్కువ. కోటి మంది ఉన్న నగరంలో చాలా ఇళ్ల డాబాలకి నీళ్లు పోయే గొట్టాలే ఉండవు.

దీనికి కారణం సముద్రం. దక్షిణ పసిఫిక్ మీద స్థిరంగా కూర్చున్న అధిక పీడనం వల్ల గాలులు ఏడాది పొడుగునా తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తాయి. భూమి తిరగడం వల్ల ఆ గాలి కదిలించిన పైనీరు ఎడమవైపుకి, అంటే ఒడ్డు నుంచి దూరంగా జరిగిపోతుంది. ఖాళీ అయిన చోటికి లోతుల్లోంచి చల్లటి నీరు పైకి వస్తుంది. దానికి తోడు దక్షిణం నుంచి వచ్చే శీతల ప్రవాహం. 1802లో అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్ ఇక్కడి నీటి వేడి కొలిచాడు కాబట్టి దానికి ఆయన పేరు స్థిరపడింది. అంతకుముందు వందల ఏళ్లుగా ఆ చలి తెలిసిన జాలర్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. చలికాలంలో లిమా దగ్గర సముద్రం 15 నుంచి 17 డిగ్రీలే ఉంటుంది. మన విశాఖ బీచ్‌లో దిగినట్టు దిగితే కాళ్లు జివ్వుమంటాయి.

చల్లటి నీటిని తాకిన గాలి కూడా చల్లబడి కిందే ఉండిపోతుంది, పైన వెచ్చటి పొడిగాలి గిన్నె మీద మూత పెట్టినట్టు కమ్ముకుని ఉంటుంది. కింది తేమ పైకి లేచి పెద్ద మేఘం కాలేదు. కొన్ని వందల మీటర్ల ఎత్తులో పలచటి బూడిద రంగు మబ్బు మాత్రం ఏర్పడుతుంది. దాన్నుంచి రాలేది వాన కాదు, జల్లు కూడా కాదు, గరువా అనే తుంపర. మరి అట్లాంటిక్ వైపు నుంచి వచ్చే తేమ గాలుల మాటేమిటంటే, అవి ఆండీస్ తూర్పు వాలుల మీదే ఖాళీ అయిపోతాయి. అటు నుంచి కొండలు అడ్డం, ఇటు నుంచి సముద్రం అడ్డం. అదీ ఎడారి కథ.

జూలైలో మిరాఫ్లోరెస్ పేటలో పొద్దున్నే బాల్కనీలోకి వస్తే రెయిలింగ్ తడిగా ఉంటుంది, బైకు సీటు తడిగా ఉంటుంది, చెట్ల కింద మట్టి మాత్రం పొడిగా ఉంటుంది. ఆరేసిన జీన్స్ మూడో రోజుకీ చెమ్మగానే ఉంటుంది. బీరువాలో తోలు బెల్టుకి బూజు పడుతుంది. థర్మామీటర్ 16 డిగ్రీలే చూపిస్తుంది, మనకదేం చలి అనిపిస్తుంది. కానీ గాలిలో తేమ నూరు శాతానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ చలి ఒంట్లోకి దిగిపోతుంది. సూర్యుడు వారాల తరబడి మొహం చూపించడు. ఆ ఆకాశాన్ని లిమా వాళ్లు గాడిద పొట్ట అంటారు. ఆగస్టు వచ్చేసరికి అందరికీ చిరాకే. పైకి గంటన్నర కారులో వెళ్లి, మబ్బు దాటగానే కనిపించే ఎండలో కూర్చుని భోంచేసి రావడం వాళ్ల ఆదివారం సరదా.

ఈ తుంపర కూడా వృథాగా పోదు. సముద్రానికి ఎదురుగా ఉన్న కొండల మీద జూన్ నుంచి అక్టోబరు దాకా పచ్చదనం మొలుస్తుంది. వీటిని లోమాలు అంటారు. లిమాకి ఉత్తరాన ఓ వంద కిలోమీటర్ల దూరంలో లచాయ్ అనే రిజర్వు ఉంది. మార్చిలో చూస్తే మట్టి దిబ్బ. ఆగస్టులో చూస్తే మోకాళ్ల దాకా గడ్డి, పూలు, తొండలు, గుడ్లగూబలు. లిమా గుర్తుగా చెప్పుకునే పసుపు రంగు అమంకాయెస్ పువ్వు ఇలాంటి కొండల మీదిదే. నల్లా కనెక్షన్ లేని కొండ బస్తీల్లో జనం నైలాన్ వలలు నిలబెట్టి ఈ పొగమంచు నుంచే నీళ్లు పట్టుకుని కూరగాయలు పెంచుకుంటున్నారు.

మిగతా లిమా ఎక్కువగా తాగేది రిమాక్ నది నీళ్లు. ఆండీస్ నుంచి ఎడారిలోకి ఇలాంటి చిన్న నదులు యాభైకి పైగా దిగుతాయి, ఒక్కో నది పక్కన పచ్చటి పట్టీ, మధ్యలో వట్టి ఇసుక. రిమాక్ నీళ్లు చాలక, అట్లాంటిక్‌కి పోవాల్సిన నీటిని మార్కాపోమాకోచా దగ్గర కొండ తొలిచి ఇటు మళ్లించారు. ఉత్తరాన ఓల్మోస్‌లో అయితే దాదాపు 20 కిలోమీటర్ల సొరంగం తవ్వి నదిని ఈవలికి తెచ్చారు. ఈ నీళ్లతో పండించిన బ్లూబెర్రీలు, ఆస్పరాగస్, ద్రాక్ష అమెరికా, యూరప్ సూపర్ మార్కెట్లకి వెళ్తాయి. దక్షిణ కోస్తాలోని ఇకాలో భూగర్భ జలం ఏటేటా ఎంత కిందికి పోతోందో చూస్తే, బోర్ల మీద బోర్లు వేసిన మన అనంతపురం రైతుకి అర్థం చెప్పక్కర్లేదు.

ఎడారి కాబట్టి జంతువులు లేవనుకునేరు. పెరూలో ఒక్క పూటలో ఎక్కువ జీవం చూడాలంటే నేను చెప్పేది అమెజాన్ కాదు, లిమాకి దక్షిణాన తీరం మీదున్న పారాకాస్ పక్కన బయెస్తాస్ దీవులు. కింది నుంచి పైకి వచ్చే చల్లటి నీటిలో పోషకాలుంటాయి, వాటి మీద సూక్ష్మజీవులు, వాటిని తినే నెత్తళ్ల జాతి చేప అంచోవెటా, దాన్ని తినే సమస్త జీవాలూ. పడవ దీవి దగ్గరికి వెళ్లకముందే వాసన వచ్చేస్తుంది. రాళ్ల మీద వేలకి వేలు నీటికాకులు, బూబీలు, గూడబాతులు, తెల్ల మీసాలున్న, పాత ఇంకా రాజుల పేరు పెట్టిన టెర్న్‌లు. కింద సముద్ర సింహాలు ఒకదాని మీద ఒకటి పడుకుని అరుస్తుంటాయి. భూమధ్యరేఖకి ఇంత దగ్గర్లో పెంగ్విన్లు! హంబోల్ట్ పెంగ్విన్లు అంటారు, మోకాలెత్తు ఉంటాయి, గుంపులో వెతుక్కోవాలి.

ఆ పక్షుల రెట్టే ఒకప్పుడు దేశానికి ఆదాయం. వాన లేదు కాబట్టి అది కొట్టుకుపోలేదు. చించా దీవుల్లో కొన్నిచోట్ల 30 మీటర్ల మందానికి పైగా పేరుకుంది. 1840ల నుంచి 1870ల దాకా యూరప్ పొలాలకి ఎరువుగా ఓడల్లో తరలిపోయింది. దాని కోసం స్పెయిన్‌తో యుద్ధం కూడా జరిగింది. తవ్వడానికీ, చెరుకు తోటల్లో పనికీ చైనా నుంచి సుమారు లక్ష మంది కూలీలను తెచ్చారు, వాళ్లలో ఎందరో ఆ దీవుల మీదే పోయారు. లిమాలో వీధికొకటి కనిపించే చైనా హోటళ్లు ఆ వలస నుంచి పుట్టినవే. ఆ తర్వాత మనుషులు పక్షుల రెట్ట వదిలి నేరుగా చేపల మీద పడ్డారు. 1970లో ఒక్క అంచోవెటానే 1.2 కోట్ల టన్నులు పట్టారు. మన దేశం మొత్తం సముద్రంలో ఏటా పట్టేది 35 నుంచి 40 లక్షల టన్నులు. మూడేళ్లు తిరిగేసరికి పెరూలో ఆ చేప 20 లక్షల టన్నుల లోపుకి పడిపోయింది. అతిగా పట్టడం ఒక కారణం. రెండో కారణం ఎల్‌నినో.

మీరు వార్తల్లో వినే ఎల్‌నినోకి పుట్టిల్లు ఇదే. కొన్నేళ్లకోసారి పసిఫిక్ మీద తూర్పు గాలులు నీరసిస్తాయి. ఇండోనేషియా వైపు పోగుపడి ఉన్న వేడినీరు వెనక్కి పరుచుకుంటూ పెరూ ఒడ్డుకి చేరుతుంది. చల్లటి నీరు పైకి రావడం తగ్గిపోతుంది, చేపలు దక్షిణానికో లోతుకో పోతాయి, పక్షులు పిల్లల్ని వదిలేసి వలసపోతాయి లేదా చచ్చిపోతాయి. పైన మూత తీసేసినట్టే కాబట్టి ఎడారి మీద కుండపోత. 1982-83లో అంతే, 1997-98లో అంతే. 1998లో ఉత్తరాన సెచూరా ఎడారిలో సుమారు 145 కిలోమీటర్ల పొడవున ఒక సరస్సు వెలిసింది. కొన్ని నెలలు అది దేశంలో రెండో పెద్ద సరస్సు. పక్కనే పియూరా ఎండు అడవుల్లో మాత్రం ఈ వానల కోసమే చెట్లు కాచుక్కూర్చుంటాయి. అక్కడి అల్గరోబో చెట్టు మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. మనం దాన్ని తిట్టుకుంటూ కొట్టి బొగ్గు కాలుస్తాం, వాళ్లు కాయలు ఉడికించి పాకం తీసి సీసాల్లో అమ్ముకుంటారు.

మనకి దీనితో సంబంధం ఉంది, అదీ పాతదే. 1876-78 నాటి కరువు, రాయలసీమ పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది, ఒక భారీ ఎల్‌నినో కాలంలో వచ్చింది. 1904 నుంచి 1924 దాకా భారత వాతావరణ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్ మన రుతుపవనాలు ఎప్పుడు మొహం చాటేస్తాయో ముందే చెప్పాలని ప్రపంచం నలుమూలల లెక్కలు తీస్తూ, పసిఫిక్ అటు చివరా ఇటు చివరా గాలి పీడనం తూగుటుయ్యాల ఊగుతోందని కనిపెట్టాడు. అదీ పెరూ వేడినీరూ ఒకే వ్యవహారమని 1960ల్లో యాకబ్ బ్యెర్క్‌నెస్ తేల్చాడు. అలాగని ఎల్‌నినో అనగానే మన దగ్గర కరువని టెన్షన్ పడక్కర్లేదు. 2002, 2009, 2015 మనల్ని దెబ్బకొట్టాయి. శతాబ్దంలోనే పెద్దవాటిలో ఒకటైన 1997లో మాత్రం మన వానలు మామూలుగానే పడ్డాయి. 2017లో ఇంకో రకం చూశాం. వేడి పెరూ ఒడ్డుకే పరిమితమైంది, పియూరా ఊరు మునిగింది, లిమాలో బురద ప్రవాహాలు ఇళ్లను ఈడ్చుకుపోయాయి, పసిఫిక్ నడిమధ్య మాత్రం ఏమీ లేదు. అక్కడి టీవీలో ఎల్‌నినో అన్న ప్రతిసారీ మన టీవీలో కూడా అనాల్సిన పనిలేదన్నమాట. అంచోవెటాతో చేసే చేపల పొడి విషయం వేరు. ప్రపంచంలో దాన్ని అందరికంటే ఎక్కువగా ఎగుమతి చేసేది పెరూనే. 2023లో సముద్రం వేడెక్కి, దొరికేవన్నీ పిల్ల చేపలే కావడంతో మొదటి సీజను వేట రద్దు చేశారు, ప్రపంచ మార్కెట్లో చేపల పొడి ధర పైకి పోయింది. భీమవరంలో ఆ పొడి కలిసిన రొయ్యల మేత వాడేవాళ్లకి ఈ గొలుసు తెలిసే ఉంటుంది.

ఇక కొండల్లోకి వెళ్దాం. లిమా నుంచి కారులో బయల్దేరితే 130 కిలోమీటర్లలో టిక్లియో కనుమ, ఎత్తు 4,818 మీటర్లు. పొద్దున సముద్రం ఒడ్డున ఇడ్లీ తిన్నవాడు మధ్యాహ్నానికి అక్కడ దిగితే, పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు సగమే. తల పగిలిపోతుంది, తిన్నది బయటికొస్తుంది. దీన్ని సొరోచే అంటారు. వయసుతో, ఒంటి బలంతో సంబంధం లేదు. జిమ్ముకి వెళ్లే కుర్రాళ్లు పడిపోతుంటే షుగర్ ఉన్న పెద్దాయన హాయిగా నడవడం నేను చూశాను. ఇది పట్టించుకోకుండా నేరుగా కుస్కోలో దిగి మొదటి రోజే తిరిగేసే తెలుగువాళ్లే ఎక్కువ. కుస్కో 3,400 మీటర్లు. మాచు పిచ్చు 2,430 మాత్రమే. కాబట్టి విమానం దిగగానే పవిత్ర లోయలోకి, అంటే 2,800 ఎత్తుకి దిగిపోయి, రెండు రాత్రులు అక్కడ పడుకుని, చివర్లో కుస్కో చూడండి. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్ని అడగాలి.

ఆండీస్ ఇంత ఎత్తు ఎందుకంటే, పసిఫిక్ అడుగున ఉన్న నాస్కా అనే భూఫలకం ఏటా ఆరేడు సెంటీమీటర్ల చొప్పున ఖండం కిందికి దూరుతోంది. మధ్య, ఉత్తర పెరూలో అది నిటారుగా దిగకుండా కొండల కింద దాదాపు అడ్డంగా పరుచుకుంది కాబట్టి అక్కడ అగ్నిపర్వతాలు లేవు. దక్షిణాన అరెకీపా వైపు మాత్రం మిస్తి, సబాంకాయా, ఉబినాస్ వరసగా ఉన్నాయి. ఆ పక్కనే ఉన్న వాయ్‌నాపుతినా 1600లో పేలినప్పుడు ఆ బూడిద సూర్యుణ్ని కమ్మి రష్యాలో పంటలు పోయి కరువొచ్చింది. భూకంపాలకైతే తేడా లేదు, అన్నిచోట్లా వస్తాయి. దేశంలో ఎత్తయిన శిఖరం వాస్కరాన్, 6,768 మీటర్లు. ఉష్ణమండలం మొత్తానికీ ఇదే పెద్దది. 1970 మే 31న భూకంపం వచ్చినప్పుడు ఈ కొండ ఉత్తర శిఖరం నుంచి మంచూ రాళ్లూ విరిగిపడి, కొద్ది నిమిషాల్లో యుంగాయ్ ఊరిని పూడ్చేశాయి. ఊరి శ్మశానం ఉన్న దిబ్బ ఎక్కినవాళ్లు కొందరు బతికారు. ఇప్పుడు అక్కడ ఇళ్లు కట్టనివ్వరు, గులాబీ మొక్కలు, శిలువలు ఉంటాయి. ప్రపంచంలోని ఉష్ణమండల హిమానీనదాల్లో దాదాపు 70 శాతం పెరూలోనివే. 1960ల నాటితో పోలిస్తే వాటి విస్తీర్ణం సగానికి పైగా కరిగిపోయింది. కొండల్లో వానలు లేని నెలల్లో కోస్తా నదులకు నీళ్లిచ్చేది అవే కాబట్టి, ఇది కొండల సమస్య మాత్రమే కాదు.

కాలాల పేర్లు మిమ్మల్ని కంగారు పెడతాయి. లిమాలో ఎండలు జనవరి నుంచి మార్చి దాకా. సరిగ్గా ఆ నెలల్లోనే కొండల్లో వానలు. మే నుంచి సెప్టెంబరు దాకా లిమాలో ముసురు, కొండల్లో నీలాకాశం, రాత్రిళ్లు గడ్డకట్టే చలి. జూన్, జూలై రాత్రుల్లో పూనా మీద మైనస్ 15 కూడా పడుతుంది. ఆ చలినే వాడుకుని బంగాళాదుంపల్ని రాత్రి ఆరుబయట గడ్డకట్టించి, పగలు ఎండలో కాళ్లతో తొక్కి నీళ్లు తీసి ఎండబెడతారు. చూన్యో అంటారు, ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. రుచి మాత్రం మనవాళ్లకి ఎక్కదు, నాకైతే ఇప్పటికీ ఎక్కలేదు. ఆండీస్‌లో నాటు బంగాళాదుంప రకాలు నాలుగు వేలకు పైనే. వాటిని భద్రపరిచే అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం 1971 నుంచి లిమాలో ఉంది.

పూనా మీద చూడాల్సిన జంతువు వికునా. ఒంటె కుటుంబమే, మూపురం ఉండదు, లేత దాల్చిన రంగు, జింకలా సన్నగా ఉంటుంది. దాని ఉన్ని పోగు 12 మైక్రాన్ల మందం. స్పెయిన్ వాళ్లు రాకముందు ఏలిన ఇంకాల కాలంలో రాజవంశం తప్ప ఎవరూ తొడగకూడదు. తుపాకులొచ్చాక వేటాడి వేటాడి 1960లకు పెరూలో పది వేల లోపుకి తెచ్చారు. 1967లో పంపా గలేరాస్ రిజర్వు పెట్టి కాపాడితే ఇప్పుడు రెండు లక్షలకు పైగా ఉన్నాయి. జూన్‌లో అక్కడ చక్కు జరుగుతుంది, వీలైతే చూడండి. రంగు గుడ్డ పీలికలు కట్టిన పొడవాటి తాడు పట్టుకుని ఊరంతా, పిల్లాజెల్లాతో సహా, మైదానం మీద వరసగా నడుస్తారు. అరుపులుండవు, పరుగులుండవు. వికునాలు తాడు దూకగలవు, కానీ ఆ పీలికలు చూసి దూకవు, వెనక్కి వెనక్కి జరిగి కంచెలోకి చేరతాయి. ఒకరు మెడా చెవులూ పట్టుకుంటారు, ఒకరు వెనక కాళ్లు, మూడో మనిషి మెషిన్‌తో వీపూ పక్కలూ గొరుగుతాడు. పావు కిలో ఉన్ని కూడా రాదు. వదలగానే నాలుగు గెంతులు గెంతి, ఆగి, వెనక్కి తిరిగి చూసి వెళ్లిపోతుంది. రెండేళ్ల దాకా మళ్లీ ముట్టుకోరు. ఆ ఉన్నితో చేసిన కోటు విదేశాల్లో లక్షలు పలుకుతుంది, ఊరికి దక్కేది అందులో చిన్న ముక్క. ఆ విషయంలో ఊళ్ల గొడవ న్యాయమైనదే.

కాండోర్ రాబందుని చూడాలంటే కోల్కా లోయ అంచున పొద్దున ఎనిమిది తర్వాత నిలబడితే చాలు. రెక్కలు చాపితే మూడు మీటర్ల పైన. ఎండకి లోయలో గాలి వేడెక్కి లేచేదాకా అది కదలదు, లేచాక రెక్క ఆడించకుండా మీ తల పక్కగా పోతుంది. టిటికాకా సరస్సు, 3,812 మీటర్లు, పడవ షికారుకంటే దాని కప్ప వల్ల గుర్తుంచుకోదగ్గది. ఊపిరితిత్తులు నామమాత్రం, చర్మంతోనే ఎక్కువగా ఊపిరి తీస్తుంది, అందుకే ఒళ్లంతా వదులు ముడతలు. బలమని చెప్పి దాన్ని మిక్సీలో వేసి జ్యూసు అమ్మేవాళ్లున్నారు, ఆ జాతి అంతరించే దశలో ఉంది. దయచేసి రుచి చూడబోకండి.

ఆండీస్ దాటి అవతల దిగడం పెరూలో నాకు అన్నిటికంటే నచ్చే ప్రయాణం. కుస్కో నుంచి పౌకర్‌తాంబో మీదుగా మాను జాతీయ వనం వైపు దారి పట్టండి. 3,500 మీటర్ల కనుమ దగ్గర పసుపు గడ్డి, ఈదురుగాలి. వంపు తిరగ్గానే కింద మబ్బుల సముద్రం. వంద మీటర్లు దిగేసరికి నాచు పట్టిన మరుగుజ్జు చెట్లు, ఇంకా దిగితే మేఘారణ్యం, ప్రతి కొమ్మకీ ఆర్కిడ్లు, ప్రతి బండ నుంచీ నీళ్లు. 1,500 మీటర్ల దగ్గర తెల్లవారుజామున జాతీయ పక్షి తుంకి మగపక్షులు ఒకేచోట చేరతాయి, తల నుంచి ఛాతీ దాకా మండే నారింజ రంగు, పంది గుర్రుమన్నట్టు అరుస్తూ ఆడపక్షి కోసం కొమ్మల మీద వంగి వంగి ఆడతాయి. ఆడపక్షి గోధుమ రంగులో మౌనంగా వచ్చి ఎంచుకుని వెళ్లిపోతుంది, గూడూ పిల్లలూ అంతా తన పనే. సాయంత్రానికి 500 మీటర్లలో అరటి తోటలు, ఉక్కపోత, దోమలు. ఒక్క రోజులో ఇన్ని అడవులు మారడం వల్లే పెరూలో 1,800కి పైగా పక్షి జాతులున్నాయి. ఈ వాలు మీద చెట్లు వేడి తట్టుకోలేక ఏటా రెండు మూడు మీటర్ల చొప్పున పైకి జరుగుతున్నాయని శాస్త్రవేత్తలు కొలిచారు. ఇదే వాలు మీద కొంచెం తూర్పున ఉన్న కిన్సెమిల్‌లో ఏడాదికి 6,000 మిల్లీమీటర్లకు పైగా వాన. లిమా నుంచి విమానంలో గంటన్నర కూడా లేని దూరం.

కింది అడవిలో జంతువులు వరసగా కనిపిస్తాయనుకుంటే నిరాశే. అడవి దట్టం, జంతువులు పైన కొమ్మల్లో ఉంటాయి, ముందు చెవులతో చూడాలి. ఖాయంగా కనిపించేవి రెండు. ఒకటి, తంబోపాతా, మాను నదుల ఒడ్డున మట్టి గోడలు. తెల్లవారగానే వందల చిలకలు, తర్వాత పెద్ద చిలకలైన ఎర్ర పచ్చ మకావ్‌లు వచ్చి మట్టి కొరుకుతాయి. సముద్రానికి దూరమైన ఆ అడవిలో ఆహారంలో ఉప్పు తక్కువ, ఆ మట్టిలో సోడియం ఉంటుంది. రెండోది, వంపు తెగి ఏర్పడిన చెరువుల్లో పెద్ద నీటికుక్కలు. మన నీటికుక్క కుటుంబమే గానీ మనిషంత పొడుగు, కుటుంబంగా వేటాడతాయి, ఒక్కోదాని గొంతు మీద మచ్చ ఒక్కోరకం, గైడ్లు పేర్లు పెట్టి పిలుస్తారు. జాగ్వార్ మాత్రం అదృష్టం, వానలు తగ్గిన నెలల్లో ఒడ్డు మీద దుంగలకేసి చూస్తూ ఉండాలి. ఇంకా ఉత్తరాన ఇకీతోస్, మిగతా దేశం నుంచి రోడ్డే లేని నాలుగైదు లక్షల జనాభా ఊరు. సముద్రం 3,600 కిలోమీటర్ల దూరం, ఊరి ఎత్తు వంద మీటర్ల పైచిలుకు. అంత తక్కువ వాలు కాబట్టి అమెజాన్ అక్కడ నెమ్మదిగా పరుచుకుంటుంది, సీజను మారితే నీటిమట్టం పది మీటర్లు మారుతుంది. వరదలో గులాబీ డాల్ఫిన్లు చెట్ల మధ్య ఈదుతాయి.

గనుల పని చేసినవాణ్ని కాబట్టి ఇదీ చెప్పాలి. ఆగ్నేయ అడవి ప్రాంతమైన మాద్రే దె దియోస్‌లో నది ఇసుకలోంచి బంగారం ఏరే అక్రమ తవ్వకం అడవిని పుండ్లు పుండ్లుగా చేసింది. పాదరసం నీళ్లలో కలిసి చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరుతోంది. విమానం కిటికీలోంచి చూస్తే మైళ్ల కొద్దీ పసుపు రంగు గుంటలు. ఆ వైపు వెళ్లినప్పుడు పెద్ద వేట చేపలు తినకండి.

నెలల విషయానికొస్తే, అన్నీ కలిపి చూడాలంటే మే చివర నుంచి సెప్టెంబరు. కొండలకి అదే మంచికాలం, అడవిలో దారులు ఆరి ఉంటాయి, మకావ్‌ల మట్టి గోడలు ఆగస్టు తర్వాత ఇంకా రద్దీగా ఉంటాయి. లిమాలో ఎండ ఆశించకండి. దక్షిణ అడవికి కూడా ఒక స్వెట్టర్ పెట్టుకోండి. జూన్ నుంచి ఆగస్టు మధ్య దక్షిణ ధ్రువం వైపు నుంచి చలిగాలి తోసుకొచ్చి, నిన్న 33 ఉన్న చోట ఇవాళ 12 డిగ్రీలు ఉంటుంది, రెండు మూడు రోజులు జంతువులన్నీ దాక్కుంటాయి. ఫిబ్రవరిలో మాచు పిచ్చుకి వెళ్లే ‘ఇంకా ట్రెయిల్’ అనే నడక దారి మూసేస్తారు. జనవరి నుంచి మార్చి మధ్య ఉత్తర కోస్తా పెట్టుకుంటే, టికెట్ కొనే ముందు ఎల్‌నినో మీద అక్కడి ప్రభుత్వ కమిటీ ఎన్‌ఫెన్ ఇచ్చే ప్రకటన చదవండి. స్పానిష్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో అనువదించుకుంటే సరిపోతుంది. హెచ్చరిక ఉంటే ఆ ముక్క మానేసి పారాకాస్‌కి మార్చుకోండి.